స్కోలిన్ పడని ఒళ్లు: ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్‌తో ఏం చెప్పాలి?

ఆపరేషన్ ముందు రోజు మత్తు డాక్టర్ వచ్చి షుగర్, బీపీ అన్నీ అడిగి, చివర్లో "మీరు వైశ్యులా?" అంటే చాలామంది మొహం మాడిపోతుంది. హెర్నియా ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు మా నాన్నగారైతే "ఆస్పత్రిలో కులంతో పనేంటండీ" అని అనేశారు కూడా. పనుంది.

పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు వదులవ్వాలి. అందుకు వాడే మందుల్లో ఒకటి సక్సినైల్‌కోలిన్, థియేటర్‌లో స్కోలిన్ అంటారు. మన రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని వెంటనే విరగ్గొట్టేస్తుంది కాబట్టి 5-10 నిమిషాల్లో దాని పని అయిపోతుంది. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్లకి గంటల తరబడి ఒళ్లు కదలదు, సొంతంగా ఊపిరి కూడా తీసుకోలేరు. వెంటిలేటర్ మీద ఉంచి మత్తు కొనసాగిస్తే మందు దానంతట అదే దిగిపోతుంది. సంగతి తెలియక మత్తు ఆపేస్తే మాత్రం మనిషికి మెలకువ వచ్చేస్తుంది, అన్నీ వినపడుతుంటాయి, కనురెప్ప ఎత్తలేడు. అసలు భయం అదీ.

మిగతావాళ్లలో ఈ ఎంజైమ్ లోపం చాలా అరుదు. ఆర్యవైశ్యుల్లో దాదాపు 100 రెట్లు ఎక్కువని హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ, అమెరికా హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనంలో రాశారు. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహం, తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు. అందుకే "మాది మేనరికం కాదు, గోత్రాలు కూడా వేరు" అంటే లాభం లేదు.

1. ముందు ఇంట్లో అడగండి. పెద్దవాళ్లకి స్కోలిన్ అనే మాట తెలీదు. "ఆపరేషన్ అయ్యాక ఎవరైనా లేవడానికి ఆలస్యమైందా, మిషన్ మీద పెట్టారా?" అని అడగాలి. "ఆఁ, మీ పెద్దమామయ్యకి మత్తు ఎక్కువైందన్నారు" లాంటి జవాబు వస్తే చెవులు నిక్కబొడుచుకోవాల్సిందే. ఎవరూ గుర్తు చేసుకోకపోతే లేదని కాదు, అసలు పూర్తి మత్తు అవసరం పడకుండానే బతికినవాళ్లు బోలెడుమంది, మామూలు రోజుల్లో ఈ లోపం వల్ల ఏ ఇబ్బందీ ఉండదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ లోపమున్న జన్యువులే వస్తేనే ఇలా జరుగుతుంది. ఒకరికి ఉందంటే తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ కనీసం నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

2. రక్తపరీక్ష. సీరం కోలినెస్టరేజ్ అని రాయించుకోండి, ఆ ఎంజైమ్ ఎంత ఉందో చూసేది ఇదే. పురుగుల మందు తాగినవాళ్లకి చేసేది కూడా ఇదే, కాబట్టి ల్యాబ్‌లకి కొత్త కాదు. లివర్ జబ్బులోనూ, గర్భంతో ఉన్నప్పుడూ ఇది కొంత తగ్గుతుంది, రిపోర్టు చూసి మీరే తీర్పు చెప్పేసుకోకండి. డైబుకెయిన్ నంబర్ అని ఇంకో పరీక్ష ఉంది, అది ఎంజైమ్ ఎంత ఉందో కాదు, ఏ రకమో చెప్తుంది, మామూలు వాళ్లకి 80 దాకా వస్తుంది. కానీ వైశ్యుల్లో కనిపించే రకంలో ఎంజైమ్ పని దాదాపు సున్నా, అందుకని ముందు చూడాల్సింది ఎంజైమ్ ఎంత ఉందన్నదే.

3. మత్తు డాక్టర్‌కే చెప్పండి. సర్జన్‌కి చెప్పాం కదా అని ఊరుకోవద్దు, నర్సుకి చెప్తే అది కేస్ షీట్‌లోకి ఎక్కొచ్చు, ఎక్కకపోవచ్చు. "మేం వైశ్యులం, స్కోలిన్ పడకపోవచ్చు, పరీక్ష ఇదిగో" అంటే చాలు. రోక్యురోనియం లాంటి వేరే మందుంది, దాన్ని దించడానికి సుగమాడెక్స్ ఉంది. వెన్నులో మత్తు ఇస్తారులే అనుకున్నా చెప్పాలి, అది సరిగ్గా ఎక్కకపోతే పూర్తి మత్తుకి మారుస్తారు. హడావుడిగా చేసే సిజేరియన్‌లో, మానసిక వైద్యంలో ఇచ్చే కరెంటు ట్రీట్‌మెంట్‌లో స్కోలిన్ వాడకం ఎక్కువ, అక్కడ మరీ గట్టిగా చెప్పండి.

4. కార్డు. ఒకసారి తేలిందంటే డిశ్చార్జ్ సమ్మరీలో మందు పేరుతో సహా రాయించుకోండి. "మత్తు పడలేదు" అని రాస్తే తర్వాతి డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. నాన్నగారి పరీక్షలో లోపం ఉన్నట్టే వచ్చింది, ఇప్పుడు ఆయన పర్సులో ఆధార్ వెనకాల చిన్న లామినేషన్ ముక్క ఉంటుంది, బ్లడ్ గ్రూపు, దాని కింద ఎర్ర పెన్నుతో "స్కోలిన్, మివాక్యూరియం ఇవ్వొద్దు" అని. మివాక్యూరియం కూడా కండరాలు వదులు చేసే మందే, దాన్నీ ఈ ఎంజైమే విరగ్గొట్టాలి.

పన్ను పీకేటప్పుడు మామూలుగా ఇచ్చే లిగ్నోకెయిన్‌కి ఈ ఎంజైమ్‌తో సంబంధం లేదు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.