డిష్‌వాషర్ కొంటున్నారా, ముందు ప్లగ్ పాయింట్ సంగతి చూడండి

మెషిన్ డెలివరీకి ముందే కరెంట్ పని అయిపోవాలి, లేకపోతే డెమోకి వచ్చినతను పాయింట్ చూసి వెనక్కెళ్ళిపోతాడు. నీళ్ళు వేడి చేసేటప్పుడు ఇది దాదాపు 2000 వాట్లు లాగుతుంది, అంటే మన 230 వోల్టుల మీద 9 ఆంప్స్ దాకా, అందుకే మిక్సీ పెట్టే 6 ఆంప్స్ సాకెట్ అస్సలు పనికిరాదు, 16 ఆంప్స్ పవర్ సాకెట్టే కావాలి. డీబీ (ఇంట్లో ఎంసీబీలన్నీ ఉండే మెయిన్ బాక్స్) నుంచి దీనికంటూ విడిగా లైన్ లాగించండి, వైరు కనీసం 2.5 స్క్వేర్ ఎంఎం కాపర్, దానికో 16 ఆంప్స్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్). ఓవెన్‌తో, గీజర్‌తో కలపొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట అసలు ఎత్తకండి.

సాకెట్ మెషిన్ వెనకాల పెట్టించకండి, పక్క కప్‌బోర్డులో నేలకి కాస్త ఎత్తులో ఉంటే పైపు లీకైనా తడవదు, అవసరమైతే చెయ్యి పెట్టి ప్లగ్ పీకొచ్చు కూడా.

అసలు ముఖ్యం ఎర్తింగ్. మా ఇంట్లో సాకెట్‌కి మూడు రంధ్రాలూ ఉన్నాయి కదా అనుకున్నా, విప్పి చూస్తే పై పిన్ను దగ్గర పచ్చ వైరే, అంటే ఎర్త్ వైరే లేదు! నీళ్ళతో పనిచేసే మెషిన్ ఇది, ఎర్త్ లేకపోతే, లోపల కరెంట్ లీకైనప్పుడు మెషిన్ బాడీ ముట్టుకుంటే షాక్ కొడుతుంది. ఎలక్ట్రీషియన్‌ని మీటర్ పెట్టి ఎర్త్ ఉందో లేదో చూపించమనండి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సప్లై ఆపేసే స్విచ్) లేకపోతే అదీ వేయించి టెస్ట్ బటన్ నొక్కండి, టప్‌మని పడిపోవాలి.

మొదటిసారి ఖాళీగా తిప్పి, అయ్యాక స్విచ్ ఆపి ప్లగ్ పట్టుకుని చూడండి, కాలుతుంటే వైరు లూజుగా ఉండొచ్చు, ఎలక్ట్రీషియన్‌ని మళ్ళీ పిలవండి.