ఖాళీలో పదం తప్పుతోందా? ముందు క్రియ చివర చూడండి

పదాల అర్థాలన్నీ తెలుసు, అయినా టెట్ మాక్ టెస్టుల్లో ఖాళీలు పూరించే ప్రశ్నలు పోతున్నాయి. నా దగ్గరికి వచ్చే అభ్యర్థుల్లో చాలామంది చెప్పేది ఇదే. చెప్పి, పర్యాయపదాల పుస్తకం ఇంకొకటి కొంటారు. కొనే ముందు ఒక్కటి చూసుకోండి: వాక్యాన్ని చుక్క దాకా చదివారా?

సమస్య: మొదటి ఆప్షనే సరైనదనిపిస్తుంది

ఖాళీ కనబడగానే చదవడం ఆపేసి ఆప్షన్లలోకి దూకడమే కారణం. తెలుగులో క్రియ చివర వస్తుంది. ఉందా లేదా అన్నది తేలేదీ అక్కడే.

'ఆ కుర్రాడి మాటల్లో ______ ఏ కోశానా లేకపోవడంతో గురువుగారు క్షమించలేదు.'

'క్షమించలేదు' ఒక్కటే కంట్లో పడినవాళ్లు అహంకారం అని పెడతారు. 'లేకపోవడంతో' కూడా చదివినవాళ్లకు పశ్చాత్తాపం అని తెలుస్తుంది. ఆప్షన్లు చూడకుండా వాక్యమంతా చదివి, ముందు మీ సొంత మాటతో ఖాళీ నింపండి. 'తప్పు చేశానన్న బాధ' అనుకున్నా చాలు. తర్వాత దానికి దగ్గరి పదం వెతకండి.

సమస్య: చివరిదాకా చదివినా తప్పే వస్తోంది

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. డీఎస్సీకి చదివే రోజుల్లో 'కరువు వచ్చినా ఆ ఊరి చెరువు ______ ఉంది' అన్నదానికి 'బీటలువారి' అని పెట్టాను. కరువు, చెరువు పక్కపక్కన కనబడగానే మనసు ఎండిన చెరువు వైపు వెళ్లిపోయింది. సరైన జవాబు 'నిండుగా'. నాకు తెలియని పదం అందులో ఒక్కటీ లేదు. 'వచ్చినా' చివర ఉన్న దీర్ఘాన్ని పట్టించుకోలేదు, అంతే.

'ఎంతో సంపాదించిన ఆయన' అంటే ఆ మనిషి ఎవరో చెబుతున్నాం. 'ఎంత సంపాదించినా ఆయన' అంటే తర్వాత వచ్చేది మనం ఊహించిందానికి ఎదురుగా ఉంటుంది. అందుకే 'ఎంత సంపాదించినా ఆయన ______ బతికారు' అంటే దర్జాగా కాదు, నిరాడంబరంగా. అదే 'తే' వస్తే, 'వానలు బాగా పడితే' అన్నట్టు, మాట అదే దారిలో సాగుతుంది.

అలాగని 'నా' కనబడ్డ ప్రతిచోటా అర్థం తిప్పేయకండి. ఈ నియమం నేర్చుకున్న వారంలోనే ఇందులో పడేవాళ్లను చూస్తుంటాను. 'ఎవరు అడిగినా లేదనకుండా ఇచ్చే ఆయన ______ ఊరంతటికీ తెలుసు.' ఇక్కడ 'ఎవరు అడిగినా' అంటే అందరికీ అని. జవాబు దాతృత్వమే. అనుమానం వస్తే 'నా' తీసి 'కానీ' పెట్టి చదవండి. 'కరువు వచ్చింది, కానీ చెరువు నిండుగా ఉంది' అతుకుతుంది. 'ఎంత'ను 'ఎంతో' చేస్తే 'ఎంతో సంపాదించారు, కానీ నిరాడంబరంగా బతికారు' కూడా అతుకుతుంది. 'ఎవరు అడిగారు, కానీ' అతకదు. అతికితేనే అర్థం తిప్పాలి.

మిగతావి

నానార్థాల దగ్గర తడబడితే పక్క పదం చూడండి. ఏనుగు కరం తొండం, రాజు వేసే కరం పన్ను, సూర్యుడి కరం కిరణం. పదం అసలు తెలియకపోతే 'నిర్', 'దుర్' లాంటి ఉపసర్గ విడదీసి చూడండి, సగం అర్థం అక్కడే దొరుకుతుంది.

రెండు ఆప్షన్లూ నిజంగా సరిపోయే ప్రశ్న, తప్పు కీ లాంటివి చాలా అరుదు. టెట్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలే, నెగెటివ్ మార్కులు లేవు. అలాంటిది తగిలితే ఒకటి పెట్టేసి ముందుకెళ్లండి.