డెండ్రిమర్ (చెట్టు కొమ్మల్లా చీలుతూ పెరిగిన పెద్ద అణువు), సర్ఫాక్టెంట్ (సబ్బు లాంటి అణువు) కలిసి ఎలా గుంపు కడతాయో సిమ్యులేషన్‌లో చూడాలంటే

ముందు ఛార్జ్ లెక్క తేల్చుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. నాలుగో జనరేషన్ (జనరేషన్ అంటే కొమ్మల పొరల లెక్క) పామామ్ అనే డెండ్రిమర్ తీసుకుంటే చివర్లలో 64 ప్రైమరీ అమీన్లు (ప్రోటాన్ పట్టుకోగల నైట్రోజన్ గుంపులు), లోపల 62 టెర్షియరీ అమీన్లు ఉంటాయి, పీహెచ్ 7 దగ్గర చివరివి మాత్రమే ప్రోటాన్ పట్టుకుంటాయని అనుకుంటే ఛార్జ్ +64, బాగా ఆమ్లంలో అయితే +126. సర్ఫాక్టెంట్‌గా ఎస్‌డీఎస్ (సోడియం డోడెసిల్ సల్ఫేట్) తీసుకుంటే ఒక్కోదానికి −1 కాబట్టి, మొదటి కేసులో 64 అణువులు వేస్తే సరిగ్గా సరిపోతాయి. నేనైతే 16, 64, 128 ఇలా వేర్వేరు రన్లు పెడతాను, ఎందుకంటే అసలు మజా ఆ నిష్పత్తి మారేటప్పుడే కనిపిస్తుంది.

సోడియం, క్లోరైడ్ అయాన్లు తీసేయకండి, అవి విడిపోయి నీళ్లలోకి వెళ్లడమే ఈ అతుక్కోవడానికి పెద్ద కారణం.

గ్రోమాక్స్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో మార్టినీ మోడల్ (కొన్ని పరమాణువులని కలిపి ఒక బీడ్‌గా చూసేది) చాలు, ఎస్‌డీఎస్ నాలుగు బీడ్లే, టైమ్ స్టెప్ 20 ఫెమ్టోసెకన్లు. కానీ మామూలు మార్టినీ నీళ్లకి ధ్రువత ఉండదు, ఇంత ఛార్జ్ ఉన్నచోట పోలరైజబుల్ నీళ్లు (ఛార్జ్‌కి స్పందించేవి), పీఎంఈ (దూరపు ఛార్జ్‌ల ప్రభావాన్ని కూడా లెక్కించే పద్ధతి) వాడండి దయచేసి.

సర్ఫాక్టెంట్లని చెల్లాచెదురుగా పెట్టి మొదలెట్టండి, ముందే అతికించి పెడితే జవాబు మీరే రాసినట్టు. ఆర్‌జీ (అణువు ఎంత పరుచుకుందో చెప్పే కొలత), క్లస్టర్ సైజు రెండూ నిలకడగా అయ్యేదాకా నడపండి, వేరే స్టార్టింగ్‌తో కనీసం మూడుసార్లు.