రాస్ప్‌బెరీ పైతో ఆటల పెట్టె, 3వ పాఠం: ఆన్ చేయగానే కీబోర్డు సరైన అమరికలో ఉండేలా చేయడం

గత పాఠం చివరికి మెమరీ కార్డులో రెట్రోపైని (పాత ఆటలు ఆడించే సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించి, రాస్ప్‌బెరీ పై 4 అనే చిన్న కంప్యూటర్‌ను టీవీకి కలిపి, ఎమ్యులేషన్‌స్టేషన్ అనే ఆటల మెనూ తెర కనిపించే దాకా వచ్చాం. ఆటలు ఆడటానికి జాయ్‌స్టిక్ చాలు కాబట్టి కీబోర్డు సంగతి తరువాత చూసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అయితే వైఫై పాస్‌వర్డ్ ఇవ్వడానికీ, ఫైళ్లు సవరించడానికీ, డాస్ కాలపు ఆటలు ఆడటానికీ కీబోర్డే ఆధారం. దాని అమరిక (ఏ మీటకు ఏ గుర్తు అన్న లెక్క) తప్పుగా ఉంటే తప్పు ఎక్కడుందో తెలియక గంటల కొద్దీ వెతకవలసి వస్తుంది. అందువల్ల మిగతా పనులన్నిటికంటే ముందు దీన్ని స్థిరపరచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మొదట సమస్య ఏమిటో చూద్దాం. రాస్ప్‌బెరీ పై 2012లో బ్రిటన్‌లో పుట్టిన కంప్యూటర్. దాని ఆపరేటింగ్ సిస్టమ్ కూడా సాధారణంగా బ్రిటిష్ కీబోర్డు అమరికతోనే వస్తుంది. మన దుకాణాల్లో అమ్మే కీబోర్డులు మాత్రం దాదాపు అన్నీ అమెరికన్ అమరికవి. అక్షరాలూ అంకెలూ రెండింటిలోనూ ఒకే చోట ఉంటాయి కాబట్టి పైపైన చూస్తే తేడా తెలియదు. షిఫ్ట్‌తో 2 నొక్కితే @ రావలసిన చోట " వస్తుంది, షిఫ్ట్‌తో 3 నొక్కితే # బదులు £ వస్తుంది. ఎంటర్ మీటకు పైనున్న \ మీట నొక్కితే # పడుతుంది. నిలువు గీత (|) పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. బ్రిటిష్ అమరికలో దానికి కేటాయించిన మీట జడ్ అక్షరానికి ఎడమవైపు ఉంటుంది. అమెరికన్ కీబోర్డులో ఆ మీటే లేదు. పాస్‌వర్డ్‌లో @ ఉన్నవారికి వైఫై కలవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. టైపు చేసేటప్పుడు పాస్‌వర్డ్ తెర మీద కనిపించకపోతే అసలు గుర్తు మారిపోయిందన్న అనుమానం కూడా రాదు.

ఇప్పుడు యంత్రం ఆన్ అయ్యే క్రమంలో ఈ నిర్ణయం ఎక్కడ జరుగుతుందో తెలుసుకోవాలి. లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) లేచినప్పుడు దాని దగ్గర అమెరికన్ అమరికే ఉంటుంది. ఆ తరువాత సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాం సేవలను ఒక్కొక్కటిగా మొదలుపెడుతూ, కీబోర్డ్-సెటప్ అనే సేవ ద్వారా ఒక చిన్న ఫైలులో రాసి ఉన్న అమరికను కెర్నల్‌కు అందిస్తుంది. ఆ ఫైలు పేరు కీబోర్డ్. అది ఈటీసీ ఫోల్డర్ లోపల డీఫాల్ట్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది (/etc/default/keyboard). డెస్క్‌టాప్ వేసుకున్నవారికి ఎక్స్ సర్వర్ (డెస్క్‌టాప్‌ను తెర మీద చూపే భాగం) అమరిక కూడా ఈ ఫైలు నుంచే వస్తుంది. కాబట్టి ప్రతిసారీ ఏదో ఆదేశం ఇచ్చి సరిచేసుకోనవసరం లేదు. ఈ ఒక్క ఫైలు సరిగ్గా ఉంటే చాలు.

ఫైలును చేత్తో మార్చవచ్చు గానీ, కొత్తగా నేర్చుకునేవారు మెనూ ద్వారా వెళ్లడమే క్షేమం. ఎమ్యులేషన్‌స్టేషన్‌లోని రెట్రోపై మెనూలో రాస్పి-కాన్ఫిగ్ ఎంచుకుని, లోకలైజేషన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, కీబోర్డ్ తెరవండి. మోడల్‌గా జెనరిక్ 105-కీ పీసీ ఉంచండి. తరువాత వచ్చే జాబితాలో బ్రిటిష్ రకాలే కనిపిస్తాయి. అమెరికన్ అమరిక లేదేమో అనుకుని చాలామంది వెనక్కు వచ్చేసేది ఇక్కడే. జాబితా అడుగున ఉన్న అదర్ ఎంచుకుంటే ఇంగ్లీష్ (యూఎస్) వస్తుంది. దాని కిందనున్న రకాల్లో కూడా ఏ విశేషణమూ లేని ఇంగ్లీష్ (యూఎస్)నే తీసుకోండి. మిగిలిన ప్రశ్నలకు ముందే ఎంపికై ఉన్న జవాబును అలాగే ఉంచి యంత్రాన్ని రీబూట్ చేయండి.

ఫైలును స్వయంగా సవరించదలచినవారు ఎక్స్‌కేబీలేఅవుట్ అనే వరుసలో ఉన్న జీబీ తీసేసి యూఎస్ అని చిన్న అక్షరాలతో రాసి, భద్రపరిచాక సుడోతో (నిర్వాహకుడి అధికారంతో) సెటప్‌కాన్ (setupcon) ఆదేశం ఇవ్వాలి. డెస్క్‌టాప్‌లో తెలుగు కూడా కావాలంటే అదే వరుసలో యూఎస్ పక్కన కామా పెట్టి ఐఎన్ చేర్చి, ఎక్స్‌కేబీవేరియంట్ వరుసలో కామా తరువాత టీఈఎల్ రాస్తే ఆ అమరిక కూడా చేరుతుంది. ఆదేశాలు టైపు చేసే నల్లని టెర్మినల్ తెర మాత్రం తెలుగు లిపిని కూర్చి చూపలేదు, కాబట్టి ఆ ప్రయోజనం డెస్క్‌టాప్‌కే పరిమితం.

మీట నొక్కి పట్టుకున్నప్పుడు అక్షరాలు వరుసగా పడే వేగాన్ని కేబీడీరేట్ (kbdrate) అనే ఆదేశంతో మార్చవచ్చు. ఈ వేగాన్ని ముందు చెప్పిన కీబోర్డ్ ఫైలు పట్టించుకోదు కాబట్టి ప్రతి ప్రారంభంలోనూ ఇవ్వాలి. అందుకు తగిన చోటు రెట్రోపై కాన్ఫిగ్స్ ఫోల్డర్‌లో ఆల్ అనే భాగంలో ఉండే ఆటోస్టార్ట్ ఫైలు. అందులో ఎమ్యులేషన్‌స్టేషన్ అని ఉన్న వరుసకు పైన మీ ఆదేశం రాయండి. కింద రాస్తే మెనూ మూసేదాకా అది నడవనే నడవదు. పైన రాసే ఆదేశం తన పని ముగించుకుని తప్పుకునేదై ఉండాలి, లేకపోతే ఆటల మెనూ ఎప్పటికీ రాదు. ఈ వేగం అప్పటికి తగిలించి ఉన్న కీబోర్డులకే వర్తిస్తుంది. తరువాత తగిలించినదానికి వర్తించదు.

ఆటలలోని మీటల సంగతి దీనికి పూర్తిగా వేరు. ఆటలను నడిపే రెట్రోఆర్క్ అనే ప్రోగ్రాం మీట మీద ముద్రించిన గుర్తును కాక మీట ఉన్న స్థానాన్ని చదువుతుంది. కాబట్టి అమరిక తప్పుగా ఉన్నా ఆట చక్కగా సాగుతుంది. ఆట బాగా నడుస్తోంది కనుక కీబోర్డు సరిగ్గానే ఉందని అనుకోకూడదు. డాస్ ఆటల వంటివాటికి మొత్తం కీబోర్డు కావలసినప్పుడు స్క్రోల్ లాక్ నొక్కితే రెట్రోఆర్క్ తన సొంత షార్ట్‌కట్లను పక్కనపెట్టి మీటలన్నిటినీ ఆటకే అప్పగిస్తుంది.

అభ్యాసం: ఎఫ్4 నొక్కి ఎమ్యులేషన్‌స్టేషన్ నుంచి టెర్మినల్‌కు రండి. @ # | ~ " గుర్తులను వరుసగా టైపు చేసి, మీటల మీద ఉన్నవే తెర మీద పడుతున్నాయో లేదో చూడండి. రీబూట్ చేసి మరోసారి చూడండి. ఈ పరీక్ష రాస్ప్‌బెరీ పైకి తగిలించిన కీబోర్డుతోనే జరగాలి. మరో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా లోపలికి వచ్చి టైపు చేస్తే పనిచేసేది ఆ కంప్యూటర్ అమరికే గానీ రాస్ప్‌బెరీ పై అమరిక కాదు.