గాంధీ ఆసుపత్రికి వెళ్లి ఏం చేయాలి అని అడిగే చర్చి సంఘం వాళ్లకు

డిసెంబరు వస్తే చాలు, సికింద్రాబాద్ ఫుట్‌పాత్‌ల మీద అన్నీ కొత్త దుప్పట్లే. ఒక్కొక్కరికి రెండు, మూడు కూడా. జూలై వానల్లో మాత్రం ఒక్క సంఘం వాళ్లూ కనిపించరు. క్రిస్మస్‌కు పంచొద్దని నేననను. కానీ మొదలుపెట్టేది మాత్రం ఏ పండగా లేని ఒక మామూలు మంగళవారం అయితే మంచిది.

మా స్త్రీల సమాజం వాళ్లం వెళ్లేది గాంధీకి. లోపల పేషెంట్‌కు మంచం ఉంటుంది, డాక్టరు చూస్తాడు. ఇబ్బందంతా వెంట వచ్చినవాళ్లది. ఎక్కడో ఆదిలాబాద్, నల్గొండ పల్లెల నుంచి కట్టుబట్టలతో వచ్చి, ఎన్నాళ్లుండాలో తెలియక బయటే పడుకుంటారు.

వెళ్లగానే సంచి విప్పకండి. పక్కన కూర్చోండి. "ఎక్కడి నుంచి వచ్చిన్రు పెద్దమ్మా?" అనండి, చాలు. సిద్దిపేట వైపు నుంచి వచ్చిన ఒకావిడ దగ్గర అప్పటికే మూడు పులిహోర పొట్లాలున్నాయి. ఆమెకు కావాల్సింది చార్జింగ్. "కొడుకు నంబరు గిండ్లనే ఉంది బిడ్డా" అని ఆరిపోయిన బటన్ ఫోన్ చూపించింది. అందుకే మా సంచిలో ఇప్పుడు పవర్ బ్యాంకు, పాత సన్న పిన్నుతో సహా అన్ని రకాల కేబుళ్లు ఉంటాయి. ఇంకా సబ్బు, మగ్గు, ప్యాడ్లు, హవాయి చెప్పులు, బట్టలారేసుకోను నైలాన్ తాడు, వానాకాలమైతే కింద పరుచుకోను ప్లాస్టిక్ పట్టా. అన్నం మానేయమని కాదు. నగరంలో 2014 నుంచి ఐదు రూపాయల భోజనం ఉంది కాబట్టి మధ్యాహ్నం ఎలాగో గడుస్తుంది. పొద్దున టీ, బ్రెడ్డు, రాత్రి ఏదైనా తెస్తే మేలు.

తర్వాత కాగితాల పని. చదువుకున్న మనం చేయగలిగిన అసలు సాయం ఇదే అంటాను. ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబరు నుంచి ఏడాదికి 10 లక్షల దాకా వైద్యం ఉంది. కానీ చాలామంది రేషన్ కార్డు ఇంట్లోనే పెట్టి వస్తారు. ఊళ్లో ఎవరితోనైనా దాని ఫొటో వాట్సాప్‌లో తెప్పించండి, ముందు నంబరైనా చేతికొస్తుంది. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి తోడు వెళ్లండి. మీరు మాట్లాడొద్దు, వాళ్లతోనే మాట్లాడించండి.

డబ్బు చేతికివ్వకండి. మందుల షాపులో కట్టేయండి. బైబిల్ కథలో దెబ్బలు తిన్నవాణ్ని సత్రంలో చేర్చిన మంచి సమరయుడు కూడా రెండు దేనారాలు (వెండి నాణేలు) ఇచ్చింది పూటకూళ్లవాడికే, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. అందులో నాకు నచ్చేది ఆ తిరిగి రావడమే. యూత్ వాళ్లను రక్తం ఇవ్వడానికి పంపండి: 18 నిండాలి, 45 కిలోలుండాలి, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగపిల్లలు మూడు నెలలకోసారి, ఆడపిల్లలు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు.

ఇక కరపత్రాల సంగతి. బ్రెడ్డుతో పాటు కరపత్రం ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఆకలితో ఉన్నవాడు వద్దనలేడు కదా! "మీరు ఏ చర్చి అమ్మా?" అని వాళ్లే అడిగితే చెప్పండి. ప్రార్థన చేయమంటే మెల్లగా, పక్క మంచం వాళ్లకు వినపడకుండా చేయండి. అంతేగానీ "ప్రార్థన చేస్తాంలే" అని లేచొచ్చేస్తే, చలికి వణికేవాడికి బట్ట ఇవ్వకుండా సమాధానంగా, అంటే క్షేమంగా, వెళ్లమన్నందుకు బైబిల్లో యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో "ఏమి ప్రయోజనం?" అని అడిగిన ప్రశ్న మనకే తగులుతుంది. ఫొటోలు తీయకండి, గ్రూపులో పెట్టకండి.

చనిపోతే బయటి అంబులెన్స్ వాళ్లు అడిగినంత ఇచ్చేస్తారు పాపం. సర్కారు దవాఖాన నుంచి శవాన్ని ఊరికి ఉచితంగా చేర్చే బండి ఉందని చెప్పి, లోపల అడిగిపెట్టండి.

డిశ్చార్జ్ రోజు ఎవరూ రారు. మీరు వెళ్లండి. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో స్ట్రిప్పు మీదే సూర్యుడు, చంద్రుడు గీసివ్వండి. ఊరికి బస్సెక్కించాలంటే, గాంధీ మెట్రో స్టేషన్ నుంచి ఒక చివర జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్), ఇంకో చివర ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్). కరీంనగర్ వైపు వాళ్లకు జేబీఎస్, నల్గొండ వైపు వాళ్లకు ఎంజీబీఎస్. ఎస్కలేటర్ అంటే జంకుతారు, లిఫ్టు దగ్గరికి తీసుకెళ్లండి. బస్సు కదిలే ముందు ఎక్స్‌రే కవరు ఉందో లేదో చూడండి, సగం మంది మరిచిపోయేది అదే.