సర్జరీ డాక్టర్లకు స్కాలర్‌షిప్: ఫారం నింపేముందు అర్హత ఇలా చూసుకోండి

స్కాలర్‌షిప్ అనగానే అందరం ముందు డబ్బెంత వస్తుందో చూస్తాం. సర్జరీలో మాత్రం ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి: ఆ డబ్బు చదువులో, వృత్తిలో ఏ దశలో ఉన్నవాళ్లకు, అసలు ఏ పనికి. ఇక్కడ తేడా వస్తే గోల్డ్ మెడల్ కూడా ఆదుకోదు.

మీరింకా ఎంఎస్ (సర్జరీలో పీజీ) చదువుతుంటే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో మొదలుపెట్టండి. తెలంగాణ ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో కుటుంబ ఆదాయం ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు, బీసీ, ఈబీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. మేనేజ్‌మెంట్ కోటా సీటైతే రాదు. ఇంకోటి, రావాల్సిన స్కాలర్‌షిప్ కన్నా మీ స్టైపెండ్ ఎక్కువుంటే మెయింటెనెన్స్ (ఖర్చులకిచ్చే డబ్బు) ఇవ్వరు, కాబట్టి పీజీలు దాని మీద లెక్కలు వేసుకోవద్దు. మీసేవలో ఆదాయ ధ్రువపత్రం ముందే తీసిపెట్టుకోండి, చివరి వారం డ్యూటీల మధ్య దానికోసం తిరగడం పెద్ద టెన్షన్. థీసిస్ ఖర్చులకు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సాయం ఉంది, ఎథిక్స్ కమిటీ అనుమతి లేటైతే అదీ చేజారుతుంది, అందుకే టాపిక్ ఖాయం కాగానే కదలండి.

విదేశాల దగ్గరికొస్తే చాలామంది తికమకపడేది ఇక్కడే. కేంద్రం ఎస్సీలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు 35 ఏళ్ల లోపు వయసు, 60 శాతం మార్కులు, 8 లక్షల లోపు కుటుంబ ఆదాయం ఉండాలి, కానీ అది మాస్టర్స్‌కో పీహెచ్‌డీకో ఇచ్చేది, ఏదో ఆసుపత్రిలో ఆర్నెల్లు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్) నేర్చుకొస్తానంటే కుదరదు. అమెరికా వెళ్లడానికిచ్చే ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ కూడా అంతే, రోగిని ముట్టుకునే క్లినికల్ శిక్షణకు డబ్బివ్వదు. కాబట్టి ఆపరేషన్ చేతులతో నేర్చుకోవాలా, చూసి నేర్చుకోవాలా, రీసెర్చా, డిగ్రీనా అన్నది ముందు మీరే తేల్చుకోండి.

చూసి నేర్చుకోవడానికి నాకు బాగా నచ్చేది అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ వాళ్ల ఇంటర్నేషనల్ గెస్ట్ స్కాలర్‌షిప్. 10,000 డాలర్లు ఇస్తారు, వాళ్ల వార్షిక సదస్సు క్లినికల్ కాంగ్రెస్‌కు వెళ్లి, తర్వాత అక్కడి ఆసుపత్రులు తిరిగి చూడొచ్చు. దీని నిబంధనలు మాత్రం వరుస వరుసా చదవాలి. అప్లై చేసే రోజుకు మీకు కనీసం 35 ఏళ్లు నిండి, 50 లోపు ఉండాలి, అంటే ఎంఎస్ అయిన వెంటనే పెట్టేది కాదు. ఫెలోషిప్‌లతో సహా చదువంతా అయిపోయాక, మీరు స్థిరపడాలనుకున్న ఊళ్లోనే కనీసం ఏడాది పనిచేసి ఉండాలి. గుంటూరులోనో వరంగల్‌లోనో ఉండిపోయే సర్జన్‌కు ఇది మంచి అవకాశం, నేర్చుకున్నది ఇక్కడికే తిరిగి రావాలన్నది వాళ్ల ఉద్దేశం. ఇంతకుముందు అమెరికా, కెనడాల్లో శిక్షణ పొందనివాళ్లకు ప్రాధాన్యం దొరికే వీలుంది.

ఈ గెస్ట్ స్కాలర్‌షిప్‌కు సిఫారసు లేఖలు మూడు కావాలి. వాటిలో ఒకటి మీ విభాగాధిపతిదో, మన దేశంలో ఉన్న ఆ అమెరికన్ కాలేజ్ ఫెలో (సభ్య సర్జన్)దో అయి ఉండాలి, అందులో మీరు ఏం బోధిస్తున్నారు, ఎంత మేరకు అన్నది విడిగా, స్పష్టంగా రాసి ఉండాలి. 'కష్టపడే మనిషి, మంచి చేయి' అని నాలుగు మంచి మాటలు రాస్తే సరిపోదు. అందుకే సార్ దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకండి. వారానికి ఎన్ని క్లాసులు తీసుకుంటున్నారు, ఎంతమంది పీజీలకు థీసిస్ గైడ్‌గా ఉన్నారు, ఏ వర్క్‌షాప్‌లో ఏం నేర్పారు అని ఒక పేజీ రాసి చేతికివ్వండి. లేఖ పంపాల్సింది ఆయనే, మీరు కాదు, కాబట్టి గడువుకు నెల ముందే అడిగి, మధ్యలో మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి. నిజంగా బోధన చేయకపోతే ఈ ఏడాది ఆగి, దగ్గర్లోని మెడికల్ కాలేజీలో మొదలుపెట్టి ఆ తర్వాత అప్లై చేయడం మంచిది.

అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఆఫ్ ఇండియా ఫెలోషిప్‌లకు సభ్యత్వం కావాలి, పీజీలో ఉండగానే తీసుకోండి.

ఇక మన పేర్ల గొడవ. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విడిగా ఉంటుంది, డిగ్రీలో ఇంకోలా. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి, లేఖలు రాసే ముగ్గురికీ అదే స్పెల్లింగ్ వాట్సాప్‌లో పంపండి.