పాత కంప్యూటర్‌లో కాలం చెల్లిన లినక్స్‌ను కొత్త వెర్షన్‌కు మార్చడం ఎలా?

ఏళ్ల కిందట లినక్స్ వేసిన పాత కంప్యూటర్ ఇప్పటికీ చక్కగా ఆన్ అవుతూ ఉండొచ్చు. కానీ ఆ వెర్షన్‌కు మద్దతు ఆగిపోయాక సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. బ్రౌజర్ పాతబడిపోయి కొన్ని సైట్లు సరిగ్గా తెరుచుకోవు. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటునే తీసుకుంటే, 18.04 వెర్షన్‌కు మామూలు మద్దతు 2023 మే నెలతో, 20.04కు 2025 మే నెలతో ముగిసింది. మెషీన్ బాగానే ఉంటే దాన్ని పక్కన పడేయాల్సిన పనిలేదు. తీరిక ఉన్న ఒక పూట చూసుకుని కూర్చోండి చాలు.

ముందు ప్రాసెసర్ సంగతి తేల్చుకోండి. సెట్టింగ్స్‌లోని 'అబౌట్' పేజీలో ర్యామ్ ఎంతో, ఏ వెర్షన్ ఉందో కనిపిస్తుంది. అక్కడ 32 బిట్ అని ఉంటే మాత్రం అప్పుడే నిరాశపడకండి. అది మీరు వేసిన లినక్స్ గురించి చెబుతోంది, ప్రాసెసర్ గురించి కాదు. 64 బిట్ ప్రాసెసర్ మీద 32 బిట్ లినక్స్ వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. టెర్మినల్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి ఎల్, ఎస్, సి, పి, యు అనే అయిదు ఇంగ్లిష్ చిన్నక్షరాలను కలిపి టైప్ చేసి ఎంటర్ నొక్కండి. పై వరుసల్లో 32తో పాటు 64 బిట్ కూడా కనిపిస్తే ప్రాసెసర్ 64 బిట్‌దే. అప్పుడు కొత్త వెర్షన్లు నడుస్తాయి. కాకపోతే 32 నుంచి 64కు మారడానికి అప్‌గ్రేడ్ (ఉన్నదాని మీదే కొత్త వెర్షన్‌కు మారడం) దారి పనికిరాదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. ప్రాసెసర్ నిజంగా 32 బిట్‌దే అయితే డెబియన్ అనే మరో లినక్స్‌లో 12వ వెర్షన్ చూడండి. 2025లో వచ్చిన డెబియన్ 13 నుంచి 32 బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు.

తర్వాతది బ్యాకప్. దయచేసి దీన్ని దాటేయకండి. నేను ఒకసారి ఫోటోలన్నీ అదే హార్డ్ డిస్క్‌లోని ఇంకో పార్టిషన్‌లోకి (డిస్క్‌లోనే విడదీసిన మరో భాగంలోకి) కాపీ చేసి, బ్యాకప్ అయిపోయిందనుకున్నాను. ఇన్‌స్టాలర్‌లో 'డిస్క్ మొత్తం చెరిపేయి' అన్నది ఎంచుకోగానే ఆ పార్టిషన్ కూడా పోయింది. బ్యాకప్ అంటే కంప్యూటర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టగలిగేదే. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి మీ హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేయండి. దానికి ముందు ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే దాచిన ఫోల్డర్లు బయటపడతాయి. ఫైర్‌ఫాక్స్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉండేది వాటిలోనే. కాపీ పూర్తయ్యాక నాలుగైదు ఫైళ్లు ఆ డ్రైవ్ నుంచే తెరిచి చూడండి.

ఇప్పుడు అప్‌గ్రేడా, కొత్త ఇన్‌స్టలేషనా అన్నది నిర్ణయించుకోవాలి. ఉబుంటు ఎల్‌టీఎస్‌లో, అంటే ఎక్కువ ఏళ్లు మద్దతు ఉండే వెర్షన్లలో, ఒక్కో మెట్టే ఎక్కాలి. 18.04 నుంచి 20.04, అక్కణ్నుంచి 22.04, ఆపైన 24.04. పాత మెషీన్ మీద మూడుసార్లు ఇదంతా చేయడం టెన్షన్ పని. మధ్యలో కరెంటు పోయినా, డిస్క్ నిండిపోయినా సిస్టమ్ అటూ ఇటూ కాకుండా ఆగిపోతుంది. ఒక్క మెట్టే ఉంటే అప్‌గ్రేడ్ చేసుకోండి. రెండు, అంతకు మించి ఉంటే కొత్తగా వేసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఏదీ మార్చే వీలు లేనివారికి ఉబుంటు ప్రో ఉంది. సొంత వాడకానికి 5 కంప్యూటర్ల వరకు ఉచితం. పాత ఎల్‌టీఎస్‌కు విడుదలైన నాటి నుంచి 10 ఏళ్ల దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి.

అప్‌గ్రేడ్ చేసేవారు ముందు ఉన్న వెర్షన్‌లోని అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేయండి. బయటి నుంచి కలిపిన సాఫ్ట్‌వేర్ సోర్సులు ఆపేయండి. డిస్క్‌లో బాగా ఖాళీ ఉందో లేదో చూసుకుని, సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్ నుంచి మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయకండి.

కొత్తగా వేసేవారు ర్యామ్‌ను బట్టి ఎంచుకోండి. 4 జీబీ ఉంటే లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ హాయిగా నడుస్తుంది. 2 జీబీ అయితే ఉబుంటుకే తేలికపాటి రూపమైన లుబుంటు ప్రయత్నించండి. ఏ డెస్క్‌టాప్ వేసినా ఆ 2 జీబీలో ఎక్కువ భాగాన్ని బ్రౌజర్ తినేస్తుందని మాత్రం గుర్తుంచుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి మీరు ఎంచుకున్న లినక్స్ ఐఎస్ఓ ఫైల్‌ను (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒకే ఫైల్) ఎచర్ లాంటి టూల్‌తో రాయండి, మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ నొక్కితే బూట్ మెనూ వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి. ఈ కీ కంపెనీని బట్టి మారుతుంది.

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా (ఇన్‌స్టాల్ చేయకుండానే) తెరుచుకోగానే ఇన్‌స్టాల్ నొక్కేయకండి. ఓ అరగంట వాడి చూడండి. వైఫై కలుస్తోందా, సౌండ్ వస్తోందా, స్క్రీన్ సరైన సైజులో ఉందా? పాత వైఫై చిప్‌లకు విడిగా డ్రైవర్ వేయాల్సి రావచ్చు, కాబట్టి నెట్ కేబుల్ దగ్గర పెట్టుకోండి. అన్నీ సరిపోతేనే ఇన్‌స్టాల్ చేయండి.

అంతా అయ్యాక అప్‌డేట్లు రావడం లేదంటే ముందు గడియారం చూడండి. పాత మదర్‌బోర్డుల్లో చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయి తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. తేదీ తప్పుగా ఉంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవు, అప్‌డేట్లూ దిగవు. చాలా మెషీన్లలో ఉండేది సీఆర్2032 బ్యాటరీ, మార్చడం తేలిక. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టుకోగలిగితే వేగంలో వచ్చే తేడా అన్నిటికన్నా పెద్దది.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోని బ్యాకప్‌ను కనీసం ఓ నెల వరకు చెరపకండి. ఏ ఫైలు కొత్త సిస్టమ్‌లోకి రాలేదో మనకు అది అవసరమైన రోజునే గుర్తొస్తుంది.